1 పడితే కత్తి విరిగే రూల్ ఉంచాలా తీసేయాలా? మా ఫైటర్ ఆట మధ్యలో లేచి వెళ్ళిపోయాడు

అలల_డీఎం

అందరికీ నమస్కారం. మాది వైజాగ్. ఎంవీపీ కాలనీలో మా మేడ మీది గదిలో ప్రతి ఆదివారం సాయంత్రం డంజన్స్ అండ్ డ్రాగన్స్ (తలా ఒక పాత్ర వేసి, డైస్ వేస్తూ కథ నడిపే ఆట) ఐదో ఎడిషన్ ఆడుకుంటాం. నేను డీఎం, అంటే కథ నడిపేవాణ్ణి, ఇంకో నలుగురు ప్లేయర్లు, తలా ఒక పాత్ర: ఫైటర్ (యోధుడు), విజర్డ్ (మంత్రగాడు), క్లెరిక్ (పూజారి), రోగ్ (దొంగ). ఏడాదికి పైగా ఒకే కథ నడుస్తోంది, ఈమధ్యే అందరూ 5వ లెవెల్‌కి వచ్చారు. ఇన్నాళ్ళలో ఆట మధ్యలో ఎవరూ అలిగి లేచి వెళ్ళింది లేదు. మొన్న ఆదివారం అది జరిగింది. దానికి కారణం నేను పెట్టిన హౌస్ రూలేనని అనిపిస్తోంది, అందుకే అడుగుతున్నాను.

రూల్ ఏంటంటే, దాడి చేసేటప్పుడు డీ20 (ఇరవై ముఖాల డైస్) మీద 1 పడితే దెబ్బ తప్పిపోవడంతో సరిపోదు, నేను రాసిన ఫంబుల్ (ఘోరమైన పొరపాటు) టేబుల్ మీద ఇంకో రోల్ వెయ్యాలి. వంద వరసలున్న టేబుల్ అది, రెండు వారాలు కూర్చుని తెలుగులో రాశాను. ఆయుధం చేజారడం, కాలు జారి పడడం, కత్తి విరగడం, పక్కనున్న మనవాళ్ళకే తగలడం, ఇలాంటివన్నీ ఉంటాయి. 1వ లెవెల్‌లో ఉన్నప్పుడు ఆ టేబుల్ తీస్తే గదంతా నవ్వులే. క్లెరిక్ చేతిలోంచి జారిన గద మేకల దొడ్డి తలుపుకి తగిలి, మేకలన్నీ బయటపడి గాబ్లిన్లని తరిమిన రోజుని ఇప్పటికీ చెప్పుకుంటాం.

మొన్న అలా జరగలేదు. పెద్ద పోరాటం, అందరి హిట్ పాయింట్లూ (ఎంత ప్రాణం మిగిలిందో చెప్పే లెక్క) అడుగంటాయి. ఫైటర్ యాక్షన్ సర్జ్ వాడాడు, అంటే ఒకే టర్న్‌లో నాలుగు దెబ్బలు. వాటిలో రెండుసార్లు 1 పడింది. మొదటి 1కి కత్తి విరిగింది. అది కథలో వాడి గురువు చనిపోతూ చేతిలో పెట్టిన కత్తి, ఆరు నెలలుగా దాన్ని మోస్తున్నాడు. రెండో 1కి, మిగిలిన పిడితో కొట్టబోతే క్లెరిక్‌కి తగిలింది. ఆమెకి అప్పటికి 3 హిట్ పాయింట్లే ఉన్నాయి, పడిపోయింది. మావాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "లెవెల్ పెరిగేకొద్దీ నాకు కత్తి పట్టుకోవడం రాకుండా పోతోందా?" అని అడిగాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు. డైస్ సర్దుకుని వెళ్ళిపోయాడు. రాత్రి షిఫ్ట్ చేసి, నిద్ర మానుకుని మరీ వచ్చే మనిషి. రెండు రోజులైంది, వాట్సాప్ గ్రూప్‌లో ఒక్క మాట కూడా లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. అంతకుముందు వారం ఒక తలుపు బిగుసుకుపోయింది. ఫైటర్ భుజంతో గుద్దితే 5 పడింది, కదల్లేదు. తర్వాత విజర్డ్ వేస్తే 18 పడింది, తెరుచుకుంది. బలం +4 (డైస్ మీద పడిన అంకెకి కలిపేది) ఉన్నవాడికి రాని తలుపు, బలం -1 ఉన్నవాడికి వచ్చింది. ఒకసారి అయితే పర్లేదు, ఇది మాకు తరచూ అవుతోంది. డీ20 బదులు మూడు డీ6 (ఆరు ముఖాల డైస్) వేస్తే ఇలా జరగదని ఒక ఫ్రెండ్ అన్నాడు, నిజమేనా?

ఇంకా, ఫైటర్ వాడే ఆకుపచ్చ డైస్ మంచిది కాదని మిగతావాళ్ళ అనుమానం. అది ఎలా తేల్చాలి?


లెక్కల_మాస్టారు

తమ్ముడూ, ముందు మీ ఫైటర్ అడిగిన ప్రశ్నకి జవాబు చెప్తాను, ఎందుకంటే అతను అడిగింది అక్షరాలా నిజం. మీ రూల్ ప్రకారం లెవెల్ పెరిగేకొద్దీ అతను ఎక్కువ తప్పులు చేస్తాడు.

నాలుగు రౌండ్ల పోరాటం అనుకుందాం. 1వ లెవెల్‌లో రౌండ్‌కి ఒక దెబ్బ, మొత్తం నాలుగు. ఒక్కసారైనా 1 పడే అవకాశం 18.5 శాతం. 5వ లెవెల్‌లో ఎక్స్‌ట్రా అటాక్ వస్తుంది కాబట్టి రౌండ్‌కి రెండు, యాక్షన్ సర్జ్ వాడితే ఇంకో రెండు, మొత్తం పది. పది దెబ్బల్లో ఒక్కసారైనా 1 పడే అవకాశం 40 శాతం. మధ్యలో షార్ట్ రెస్ట్ (చిన్న విశ్రాంతి, దాంతో యాక్షన్ సర్జ్ తిరిగి వస్తుంది) తీసుకుని అలాంటి పోరాటమే ఇంకోటి చేస్తే 64 శాతం. అంటే వచ్చిన మూడు ఆదివారాల్లో రెండు ఆదివారాలు ఆ టేబుల్ అతని కోసం తెరుచుకుంటుంది. ఇది ఇక్కడితో ఆగదు. 20వ లెవెల్‌లో ఫైటర్‌కి టర్న్‌కి నాలుగు దెబ్బలు. 1వ లెవెల్‌లో పోరాటం మొత్తానికి ఉన్న 18.5 శాతం ప్రమాదం, 20వ లెవెల్‌లో ఒక్క టర్న్‌కే వస్తుంది. దేశంలోనే గొప్ప ఖడ్గవీరుడు అయ్యాక, ప్రతి అర నిమిషానికీ కత్తి జారవిడుచుకుంటాడన్నమాట. ఆటలో ఒక రౌండ్ అంటే 6 సెకన్లేనని గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు విజర్డ్‌ని చూడండి. 5వ లెవెల్‌లో ఫైర్‌బాల్ మంత్రం వచ్చి ఉంటుంది. దానికి విజర్డ్ డైస్ వెయ్యడు, తప్పించుకోవడానికి శత్రువులే సేవ్ వేస్తారు. కాబట్టి ఎనిమిది మందిని ఒకేసారి కాల్చేసినా విజర్డ్‌కి 1 పడే ప్రసక్తే లేదు. ఐదో ఎడిషన్‌లో ఆ లెవెల్ నుంచి విజర్డ్ ఎలాగూ ముందుకు పోతుంటాడు, ఫైటర్‌కి మిగిలిన గొప్పదనం ఎక్కువసార్లు కొట్టగలగడమే. మీ రూల్ సరిగ్గా ఆ గొప్పదనానికే శిక్ష వేస్తోంది.

మీరు కావాలని చేశారని అనను. నేను నడిపిన మొదటి ఆటలో నేనూ ఇదే రూల్ పెట్టాను, చాలామంది పెడతారు. 20కి పెద్ద దెబ్బ ఉన్నప్పుడు 1కి పెద్ద నష్టం ఉండాలని మనసుకి న్యాయంగా తోస్తుంది. 1974లో వచ్చిన మొదటి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో 20కి కూడా ఏమీ ఉండేది కాదు. 20 పడితే రెట్టింపు దెబ్బ అనేది 1975లో ఎం.ఎ.ఆర్. బార్కర్ తన ఎంపైర్ ఆఫ్ ది పెటల్ త్రోన్ అనే ఆటలో పెట్టాడు. ఆయన ఉర్దూ మీద పనిచేసిన ప్రొఫెసర్, ఆయన ఊహించిన లోకంలో మన ఉపఖండం వాసన బాగానే ఉంటుంది, వీలైతే చదవండి. ఇప్పటి పుస్తకంలో మాత్రం దాడిలో 1 పడితే ఉన్న శిక్ష ఒక్కటే, ఎంత ప్లస్ ఉన్నా దెబ్బ తప్పుతుంది. అది చాలు. ఆ టర్న్‌లో అతను పోగొట్టుకోవలసింది పోగొట్టుకున్నాడు.

నా మాట తీసేయమనే. కానీ నా మాట మీద కాదు, మీ నోట్స్ తీసి ఆ టేబుల్ ఇప్పటిదాకా ఎవరి మీద ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టి, అప్పుడు నిర్ణయించుకోండి. మూడు డీ6 సంగతి విడిగా రాస్తాను, అది పెద్ద విషయం.


గాజువాక_గొడ్డలి

మాస్టారూ, లెక్క కాదనను గానీ ఫంబుల్ అంటే శిక్ష ఒక్కటే కాదు కదండీ. మేము రెండేళ్ళుగా ఇదే రూల్‌తో ఆడుతున్నాం, నేను బార్బేరియన్, నాకూ టర్న్‌కి రెండు దెబ్బలే, ఒక్కరోజు కూడా గొడవ రాలేదు. మేకల దొడ్డి కథ చూడండి, అది ఏ పుస్తకంలోనూ లేదు, ఎవరూ ప్లాన్ చెయ్యలేదు, ఒక 1 పడబట్టి పుట్టింది. అలాంటివి పోతే ఆటలో ఇంక మిగిలేది హిట్ పాయింట్ల కూడికలూ తీసివేతలే.

బ్రో, నా సలహా ఏంటంటే టేబుల్ ఉంచు, కానీ పగ్గం ప్లేయర్ చేతికివ్వు. 1 పడినప్పుడు "టేబుల్ తియ్యనా?" అని అడుగు. వద్దంటే మామూలుగా దెబ్బ తప్పుతుంది, అంతే. సరే అంటే టేబుల్ మీద వచ్చింది భరించాలి, బదులుగా ఇన్‌స్పిరేషన్ ఇవ్వు, తర్వాత ఎప్పుడైనా అడ్వాంటేజ్‌తో, అంటే రెండు డైస్ వేసి పెద్దది తీసుకునేలా, వేసుకుంటాడు. అప్పుడు అది నెత్తిన పడిన పిడుగు కాదు, వాడు ఒప్పుకుని తీసుకున్న రిస్క్. ఇంకో మాట, కత్తి విరగడం, మనవాళ్ళకి తగలడం అనే వరసలు మాత్రం ఇవాళే కొట్టెయ్యి. జారి పడితే నవ్వుకుంటాం, లేచి మళ్ళీ కొడతాం. గురువిచ్చిన కత్తి పోతే లేచేది ఏముంది? ఆ పోవడం కథలో రావాలి గానీ టేబుల్‌లో 63వ వరసలోంచి రాకూడదు.


లెక్కల_మాస్టారు

గాజువాక గారూ, ప్లేయర్‌ని అడిగి ఇన్‌స్పిరేషన్ ఇవ్వడం నాకు నచ్చింది, నాకు తట్టలేదు. మీకు గొడవ రాకపోవడానికి మాత్రం ఇంకో కారణం ఉండొచ్చు. బార్బేరియన్ కదా, 2వ లెవెల్ నుంచి రెక్‌లెస్ అటాక్ వాడుతూనే ఉంటారు, అంటే రెండు డైస్ వేసి పెద్దది తీసుకుంటారు. అప్పుడు 1 రావాలంటే రెండూ 1 అవ్వాలి, అది 400లో ఒకసారి. మామూలు ఫైటర్‌కి 20లో ఒకసారి. ఒకే రూల్, ఒకే టేబుల్, మీకంటే అతని మీద ఇరవై రెట్లు ఎక్కువ పడుతోంది. మీ గ్రూప్‌లో పనిచేసిన రూల్ అతని గ్రూప్‌లో ఎందుకు చెయ్యలేదో ఇక్కడే ఉంది.


చింతపిక్క

నేను డీఎంగా కంటే అష్టాచెమ్మా ఆడిన మనిషిగా ఎక్కువ చెప్పగలను. వేసవి సెలవులకి శ్రీకాకుళం దగ్గర మా అమ్మమ్మ గారి ఊరు వెళ్ళేవాళ్ళం, మధ్యాహ్నం ఎండకి బయటికి పోనివ్వరు, వసారాలో ముగ్గుతో గళ్ళు గీసుకుని కూర్చునేవాళ్ళం. గవ్వలు దొరక్కపోతే చింతపిక్కలు ఒక పక్క తెల్లగా వచ్చేదాకా గచ్చు మీద అరగదీసి వాడేవాళ్ళం, నా పేరు అక్కడినుంచే.

ఆ ఆటలో ఇంటికో రూల్ ఉంటుందని మీ అందరికీ తెలుసు. ఎవరి కాయనైనా ఒక్కటి చంపితే గానీ లోపలి గళ్ళలోకి పోనివ్వరు కొందరు, కొందరు పోనిస్తారు. చమ్మా గానీ అష్టా గానీ పడితే ఇంకోసారి వెయ్యొచ్చు, కానీ వరసగా మూడుసార్లు పడితే మొత్తం రద్దని కొన్ని ఇళ్ళలో అంటారు. మా అమ్మమ్మ ఇంట్లో ఆట మొదలయ్యే ముందు రూల్స్ అన్నీ ఒకసారి పైకి చెప్పేవారు, మొదటి గవ్వ నేల తాకాక ఒక్కటి కూడా మార్చనిచ్చేవారు కాదు, ఏడ్చినా సరే. ఇంకోటి కూడా చేసేవారు, అది నాకు పెద్దయ్యాక అర్థమైంది. చిన్నపిల్లలెవరైనా ఆడుతుంటే "చంపితేనే లోపలికి" అన్న రూల్ ఆ ఆటకి అందరికీ తీసేసేవారు. ఆ పిల్ల ఒక్కదానికే తీసేస్తే మిగతావాళ్ళకి కోపం, పిల్లకి చిన్నతనం. అందరికీ తీసేస్తే ఎవరికీ ఏమీ అనిపించేది కాదు.

నాలుగు గవ్వల లెక్క కూడా మీ రెండో ప్రశ్నకి పనికొస్తుంది. గవ్వ ఎటైనా పడే అవకాశం సమానం అనుకుంటే నాలుగూ వెల్లకిలా పడి చమ్మా రావడం 16లో ఒకసారి, నాలుగూ బోర్లా పడి అష్టా రావడం ఇంకోసారి, రెండు పడడం మాత్రం 16లో ఆరుసార్లు. నిజం గవ్వలు అంత సమానంగా పడవు, చింతపిక్కలైతే అసలే పడవు, అయినా మధ్యలో ఎక్కువ, చివర్లలో తక్కువ అన్న స్వభావం మారదు. అందుకే అష్టా పడితే వసారా అంతా అరుపులు. డీ20లో అలా ఉండదు, 20 ఎంత తరచుగా పడుతుందో 11 కూడా అంతే, 1 కూడా అంతే. మనం గవ్వలతో పెరిగినవాళ్ళం, చివరి అంకె అంటే అరుదైనదని మన చేతికి అలవాటు. డీ20 మీద 1 అరుదు కాదు తమ్ముడూ, 7 ఎంతో 1 అంతే. దానికి అంత పెద్ద శిక్ష పెట్టేముందు ఇది చూసుకోవాలి.

మీ ఫైటర్‌తో ముందు మాట్లాడండి, గ్రూప్‌లో కాదు, మనిషిని కలిసి. ఆ సంభాషణ అయ్యాకే రూల్ మార్చండి, మార్చాక వచ్చే ఆదివారం డైస్ తియ్యకముందే అందరి ముందూ చెప్పండి.


యారాడ_దీపం

నేను నడిపేది వేరే ఆట, కాల్ ఆఫ్ కథుల్హు అనే హారర్ ఆట, ఏడో ఎడిషన్. మన ఊరి కథే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి కదా, మా కథ ఆ మర్నాడు పొద్దున్న మొదలవుతుంది. ప్లేయర్లలో ఒకరు హార్బర్ గుమాస్తా, ఒకరు నర్సు, ఒకరు భీమిలి నుంచి వచ్చిన స్కూల్ మాస్టారు. సగం ఊరు ఖాళీ, డాల్ఫిన్స్ నోస్ కొండ మీద రాత్రిపూట ఎవరో దీపం వెలిగిస్తున్నారు.

ఆ ఆటలో ఫంబుల్ ఎలా ఉంటుందో చెప్తే మీకు పనికొస్తుంది. నూటికి ఎంత అనే లెక్కలో స్కిల్ ఉంటుంది, 100 వరకు డైస్ వేసి స్కిల్ కంటే తక్కువ గానీ సమానంగా గానీ తెచ్చుకోవాలి. మామూలు రోల్‌లో స్కిల్ 50 లోపు ఉన్నవాళ్ళకి 96 నుంచి 100 వరకు ఏది పడినా ఫంబుల్. 50 గానీ ఆ పైన గానీ ఉంటే 100 ఒక్కటే ఫంబుల్. అంటే రాని పనిలో 5 శాతం, వచ్చిన పనిలో 1 శాతం. మా నర్సు ప్రథమ చికిత్స చేస్తే నాకు భయం లేదు, గుమాస్తా చేస్తే గదిలో అందరూ ఊపిరి బిగబడతారు. ఫంబుల్ ఉండడం తప్పని నేను అనుకోను, అది నేర్చుకున్నవాళ్ళని వదిలి నేర్చుకోనివాళ్ళని పట్టుకోవాలి. మీ ఆటలో తిరగబడింది.

ఆ ఆటలోంచే ఇంకోటి కూడా తెచ్చుకోండి, పుష్ అంటారు. రోల్ ఫెయిల్ అయితే ప్లేయర్ ఇంకోసారి వెయ్యొచ్చు, కానీ ఈసారి ఏం మార్చి చేస్తున్నాడో చెప్పాలి, అదీ ఫెయిలైతే మొదటిదానికంటే పెద్ద నష్టం వస్తుంది. పోరాటంలో వాడకూడదు. మీ తలుపు దగ్గర ఇది ఉండి ఉంటే, భుజంతో గుద్దితే రాలేదు, సరే, ఫైటర్ గునపం తెచ్చి కీలు దగ్గర దూరుస్తానంటాడు, మీరు "ఈసారి రాకపోతే చప్పుడుకి కిందున్నవాళ్ళు పైకొస్తారు" అంటారు. అప్పుడు రెండో రోల్ వాడిదే అవుతుంది, వరసలో నిలబడిన విజర్డ్‌ది కాదు. మా టేబుల్ దగ్గర ఒక్కటే షరతు, ఒక పని మీద గ్రూప్ మొత్తానికి ఒకే రోల్, అది ఎవరు వేస్తారో ముందే తేల్చుకోవాలి. తర్వాత వచ్చినవాళ్ళంతా వేసుకుంటూ పోతే నలుగురిలో ఎవరికో ఒకరికి ఎలాగూ పెద్ద అంకె పడుతుంది, అందులో బలం పాత్ర ఏముంటుంది?

ఇంకా ఆ తలుపు వెనక ఎవరూ తరమకపోతే, టైమ్ గండం లేకపోతే, అసలు డైసే వద్దు. బలం +4 ఉన్నవాడు పది నిమిషాలు పడితే తలుపు వచ్చేస్తుంది, వచ్చేసిందని చెప్పి కథ ముందుకి పోనివ్వండి.


లెక్కల_మాస్టారు

ఇప్పుడు మూడు డీ6 సంగతి. మీ తలుపు డీసీ (అందుకోవాల్సిన అంకె) 15 అనుకుంటే, డీ20తో ఫైటర్‌కి 11 గానీ ఆపైన గానీ కావాలి, 50 శాతం. విజర్డ్‌కి 16 కావాలి, 25 శాతం. ఫైటర్‌కి రాకుండా విజర్డ్‌కి రావడం ఎనిమిదిసార్లలో ఒకసారి, అందుకే మీకు తరచూ అవుతోంది. మూడు డీ6తో ఫైటర్‌కి అదే 50 శాతం, విజర్డ్‌కి 16 గానీ ఆపైన గానీ రావడం 216లో పదిసార్లే, అంటే 4.6 శాతం. అప్పుడు మీరు చెప్పిన సంఘటన నలభైకి పైగా ప్రయత్నాల్లో ఒకసారి. కాబట్టి మీ ఫ్రెండ్ చెప్పింది నిజమే, నైపుణ్యానికి విలువ పెరుగుతుంది. గర్ప్స్ అనే ఆట 1986 నుంచీ మూడు డీ6 మీదే నడుస్తోంది.

కానీ అది ఆట మొత్తం ఆ లెక్క మీద కట్టుకున్నది. మీరు ఐదో ఎడిషన్ పోరాటంలోకి దీన్ని తెస్తే ఏమవుతుందో చూడండి. మీ ఫైటర్ దాడికి +7 అనుకుంటాను. గాబ్లిన్ ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె) 15, డీ20తో 65 శాతం తగులుతుంది, మూడు డీ6తో 84 అవుతుంది. ఆర్మర్ క్లాస్ 21 ఉన్న శత్రువు అయితే 35 శాతం కాస్తా 16కి పడిపోతుంది. చిన్నవాళ్ళు మరీ తేలికై, పెద్దవాళ్ళు అందకుండా పోతారు. ఒక +1 కత్తి విలువ కూడా చోటుని బట్టి మారిపోతుంది, 11 కావలసిన చోట 10 చాలంటే 50 నుంచి 62.5కి ఎగబాకుతుంది, 16 బదులు 15 చాలంటే 4.6 నుంచి 9.3కే. 20 అనేదే ఉండదు కాబట్టి క్రిటికల్‌కి (20కి వచ్చే పెద్ద దెబ్బకి) 16, 17, 18 మూడూ లెక్కలోకి తీసుకోవాలి, అప్పుడే దగ్గర దగ్గర పాత 5 శాతం వస్తుంది. రాక్షసుల పుస్తకం మొత్తం మీరే సరిచూసుకోవాల్సి వస్తుంది. మీకు ఆ ఓపిక ఉంటే కాదనను, కానీ పోరాటానికి డీ20 ఉంచి, తలుపులూ తాళాల లాంటి స్కిల్ పనులకి మాత్రం మూడు డీ6 వాడి చూడండి. లేదా యారాడ గారు చెప్పినట్టు ఒక పనికి ఒకే రోల్ పెట్టండి, ఏ డైసూ మార్చకుండానే సగం సమస్య పోతుంది.


సీతమ్మధార_క్లెరిక్

డైస్ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. గ్లాసుడు నీళ్ళలో ఉప్పు బాగా కలిపి డైస్ తేలేలా చేసి, వేలితో మళ్ళీ మళ్ళీ తిప్పి వదిలితే, ప్రతిసారీ ఒకే ముఖం పైకి వస్తోందంటే లోపల గాలి బుడగ ఉండొచ్చు. నీళ్ళలో అలా ఉందని టేబుల్ మీద అంతే తేడా వస్తుందని కాదు, అనుమానానికి ఆధారం మాత్రమే. గట్టిగా తేలాలంటే కూర్చుని వెయ్యాల్సిందే. వందసార్లు వేసి ఏ ముఖం ఎన్నిసార్లు పడిందో గీతలు పెట్టుకోండి. ఒక్కో ముఖం సగటున 5 సార్లు రావాలి. వచ్చినదానికీ 5కీ ఉన్న తేడాని వర్గం చేసి 5తో భాగించి, ఇరవై ముఖాలవీ కలపండి. మొత్తం 30 దాటితే ఆ డైస్‌ని అనుమానించవచ్చు, సరైన డైస్‌కి అలా రావడం నూటికి ఐదుసార్లే. వందతో బాగా పాడైన డైస్ మాత్రమే దొరుకుతుంది, చిన్న తేడాలు తెలియాలంటే ఇంకా చాలా వెయ్యాలి. ఈ పని మీ ఫైటర్ చేతే చేయించండి, వేరేవాళ్ళు చేసి "నీ డైస్ బాగానే ఉంది" అంటే నమ్మబుద్ధి కాదు.


అలల_డీఎం

అందరికీ చాలా థ్యాంక్స్. ఏం జరిగిందో రాస్తాను.

మాస్టారు చెప్పినట్టు నోట్‌బుక్ మొదటి పేజీ నుంచి తిరగేశాను. టేబుల్ తీసిన ప్రతిసారీ రాసుకునే అలవాటు నాకుంది. సగానికి పైగా ఫైటర్ పేరే. 5వ లెవెల్ వచ్చాక అయితే ఒక్కటి తప్ప అన్నీ వాడివే. విజర్డ్ పేరు మొత్తం పుస్తకంలో రెండే చోట్ల ఉంది, అదీ మొదట్లో క్రాస్‌బో పట్టుకున్న రోజుల్లో. నా చేత్తో రాసుకున్న పేజీలే ఇవి, ఏడాదిగా నా ముందే ఉన్నాయి. చాలా బాధేసింది.

చింతపిక్క అక్కా, మీరన్నట్టు నిన్న వాడికి ఫోన్ చేసి ఆర్కే బీచ్‌కి రమ్మన్నాను. కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా గోడ మీద కూర్చుని మురీ మిక్చర్ తింటూ చాలాసేపు మాట్లాడుకున్నాం. కత్తి పోయిందని కాదన్నాడు. "కొండ మీద నుంచి దూకమంటే దూకి చచ్చినా నాకు బాధ లేదు, అది నేను ఎంచుకున్నది. మొన్న నేను ఎంచుకున్నది ఏమీ లేదు, ఫైటర్ చెయ్యాల్సిన పని నేను చేశాను, దానికే మా క్లెరిక్ నా చేతిలో పడిపోయింది" అన్నాడు. నోట్‌బుక్ చూపించాను. చాలాసేపు పేజీలు తిప్పి, "అయితే నా డైస్ తప్పు కాదన్నమాట" అన్నాడు. ఆకుపచ్చ డైస్‌కి వంద రోల్స్ ఇవాళ ఇంట్లో వేస్తానన్నాడు, ఎలా కూడాలో సీతమ్మధార గారి పోస్ట్ పంపించాను.

రూల్ ఇలా మారుస్తున్నాను. 1 పడితే దెబ్బ తప్పుతుంది, అంతే. టేబుల్ కావాలా అని అడుగుతాను, సరే అన్నవాళ్ళకి ఇన్‌స్పిరేషన్ ఇస్తాను, అదీ టర్న్‌కి ఒక్కసారే. విజర్డ్ వేసిన మంత్రానికి శత్రువు సేవ్‌లో 20 పడితే విజర్డ్‌ని కూడా అడుగుతాను, ఈ ముక్క విజర్డే అడిగి పెట్టించుకున్నాడు, తననొక్కడినే వదిలేస్తే బాగోదన్నాడు. విరిగే వరసలూ మనవాళ్ళకి తగిలే వరసలూ పద్నాలుగు ఉన్నాయి, అన్నీ కొట్టేశాను. వాటి స్థానంలో ఏం రాయాలో ప్లేయర్లు తలా మూడు నాలుగు రాసి తెస్తామన్నారు. తలుపులకి యారాడ గారి ఒకే రోల్ పద్ధతి, పుష్ కూడా. మూడు డీ6 స్కిల్ పనులకి ఒక నెల చూసి చెప్తాను.

కత్తిని మాత్రం విరగలేదని వెనక్కి తిప్పడం వాడికే ఇష్టం లేదు. ముక్కలు మూట కట్టుకుని కమ్మరిని వెతుక్కుంటూ వెళ్తానంటున్నాడు. కథలో నేను అనుకున్న దారి ఇది కాదు, తీరం వెంబడి ఉత్తరానికి ఒక కొత్త ఊరు గీయాలి, ఆదివారానికి మూడు రోజులే ఉంది.


చింతపిక్క

ఆ ఊళ్ళో వసారా మీద గవ్వలాడే ముసలమ్మ ఒకామెని పెట్టండి. కమ్మరి ఇల్లు ఎక్కడో ఆమెకే తెలుసు, ఒక ఆట గెలిస్తేనే చెప్తుంది. నా దగ్గర మంచి గవ్వలు రెండు సెట్లు ఉన్నాయి, ఎంవీపీ రైతుబజార్‌కి శనివారం పొద్దున్న వస్తాను, కావాలంటే ఒక సెట్ ఇస్తాను.


అలల_డీఎం

తప్పకుండా అక్కా, ఏడింటికల్లా గేటు దగ్గర ఉంటాను. "చంపితేనే లోపలికి" రూల్ ఆ ముసలమ్మ ఆటలో ఉండాలా వద్దా, అది కూడా చెప్పండి.